ఆ కర్వ్‌బాల్ ముందు మళ్ళీ నిలబడ్డాను

పద్నాలుగేళ్ళప్పుడు బేస్‌బాల్ మానేశాను. చదువు కోసమని ఇంట్లో చెప్పాను, స్నేహితులకీ అదే చెప్పాను. అసలు కారణం వేరు. ఒకరోజు స్కూల్ మ్యాచ్‌లో బ్యాటింగ్ చేస్తుంటే బంతి వచ్చి ఎడమ మోచేతికి తగిలింది. ఎముక విరగలేదు. పది రోజుల్లో వాపు దిగిపోయింది. కానీ ఆ తర్వాత ఎప్పుడు బ్యాట్ పట్టుకుని నిలబడినా, అవతల బంతి విసిరే పిచర్ చెయ్యి పైకి లేవగానే నా ఎడమ కాలు బంతికి దూరంగా, మూడో బేస్ వైపుకి జరిగిపోయేది. జరపకూడదని ఎంత గట్టిగా అనుకున్నా జరిగేది. బంతి నా ముందున్న ప్లేట్ మధ్యలోంచి వెళ్ళిపోయేది, నా బ్యాట్ దానికి అడుగు దూరంలో ఊగేది. ఆ సీజన్ ఎలాగో పూర్తి చేసి, మరుసటేడు టీమ్‌కి పేరివ్వలేదు.

41 ఏళ్ళకి మళ్ళీ ఆడటం మొదలుపెట్టాను. ఇప్పుడు రెండో సీజన్ నడుస్తోంది. ఈ ఏడాదిన్నరలో ఏది తిరిగొచ్చిందో, ఏది రాలేదో రాసుకోవాలనిపించింది. చిన్నప్పుడు వదిలేసిన ఆటని ఇప్పటికీ తలుచుకునేవాళ్ళు నాలాగే చాలామంది ఉంటారు. వాళ్ళకీ పనికొస్తుంది.

అంతా గ్లవ్ దొరకడంతో మొదలైంది. అమ్మ పాత సామాన్ల పెట్టె సర్దుతూ ఫోన్ చేసి, "ఒరేయ్, నీ తోలు చెయ్యి ఒకటి బయటపడింది, పారెయ్యమంటావా, ఉంచమంటావా?" అని అడిగింది. ఉంచమన్నాను. ఆ వారమే వెళ్ళి తెచ్చుకున్నాను. తోలు ఎండిపోయి అట్టలా బిగుసుకుపోయింది. వేళ్ళ కొసల దగ్గర పగుళ్ళు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వలలా అల్లి ఉండే భాగాన్ని వెబ్ అంటారు, అందులో ఒక తాడు తెగి వేలాడుతోంది. లోపల మాత్రం బంతి భద్రంగా ఉంది. గ్లవ్‌లో గుంట చెడిపోకుండా బంతి పెట్టి కట్టి ఉంచే అలవాటు అప్పట్లో ఉండేది, ఆఖరి రోజున కూడా అలాగే కట్టి పెట్టినట్టున్నాను.

ఆ బంతిని చేతిలోకి తీసుకోగానే చూపుడువేలూ మధ్యవేలూ వెతుక్కోకుండానే కుట్ల మీద అడ్డంగా వెళ్ళి కూర్చున్నాయి. బేస్‌బాల్ మీద ఎర్ర దారంతో వేసిన జంట కుట్లు 108 ఉంటాయి. వాటికి అడ్డంగా వేళ్ళు పెట్టి విసిరితే బంతి వెనక్కి తిరుగుతూ, ఒక్కో చుట్టుకి నాలుగు కుట్ల వరసలు గాలికి ఎదురొస్తూ నిటారుగా వెళ్తుంది. దాన్నే ఫోర్‌సీమ్ అంటారు. ఇన్నేళ్ళుగా బంతి ముట్టని వేళ్ళకి ఆ పట్టు ఇంకా గుర్తుంది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

గ్లవ్‌కి రాసే నూనె గుడ్డ మీద కొద్దిగా వేసి మూడు రాత్రులు రుద్దాను. ఒకేసారి ఎక్కువ పట్టిస్తే తోలు బరువెక్కి బిగువు పోతుంది. తెగిన తాడు మార్చడం అంతకంటే పెద్ద పని. పాత తాడు ఏ రంధ్రంలో దిగి ఎక్కడ తేలిందో ముందే ఫోటోలు తీసుకుని, పాతదాన్ని అంగుళం లాగుతూ ఆ దారిలోనే కొత్తదాన్ని అంగుళం ఎక్కిస్తూ వెళ్ళాను. నాలుగు గంటలు పట్టింది. చివరి ముడి బిగించి తొడుక్కుంటే చిటికెనవేలు దూరలేదు. పిల్లల సైజు గ్లవ్ అది. మ్యాచ్‌లకి వేరేది కొనుక్కున్నాను గానీ, గోడకేసి బంతి విసిరి పట్టుకోవడానికి ఈ రోజుకీ ఆ పాతదే వాడతాను, నాలుగు వేళ్ళే లోపల పెట్టి.

35 దాటినవాళ్ళు ఆదివారాలు ఆడే లీగ్ ఒకటుందని తెలిసి పేరిచ్చాను. సెలక్షన్ రోజున పది గ్రౌండర్లు, అంటే నేల మీద దొర్లే బంతులు, కొట్టి పట్టమన్నారు, బేస్‌ల వెనకుండే ఔట్‌ఫీల్డ్‌లో గాల్లోకి లేచే ఫ్లై బాల్స్ అయిదు వేశారు, తర్వాత తలా పది బంతులు బ్యాటింగ్. ఎవర్నీ ఇంటికి పంపేయడం ఉండదు, ఎవరు ఏ టీమ్‌కి వెళ్ళాలో చూసుకోవడానికే. రూల్స్ కూడా వయసుని దృష్టిలో పెట్టుకుని కొంచెం సడలించారు. వచ్చినవాళ్ళందరూ వరసలో బ్యాటింగ్ చేస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళ బదులు ఇంకొకరు పరిగెత్తొచ్చు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ మీదకి దూసుకెళ్ళి గుద్దడం పూర్తిగా నిషేధం. మిగతాదంతా అసలు ఆటే. రన్ కోసం వరసగా చుట్టి రావాల్సిన బేస్‌ల మధ్య 90 అడుగులు, పిచర్ నిలబడే రబ్బర్ నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుంచీ ఆ దూరం మారలేదు. చిన్నప్పుడు ఆ 90 అడుగులు నాకు దూరమే అనిపించలేదు. ఇప్పుడు ఫస్ట్ బేస్ దాటి ఆగేసరికి ఊపిరి అందడం లేదు.

గ్రౌండర్లు బాగానే పట్టాను. అది నన్ను ఆశ్చర్యపరిచింది. ముందుకి వంగి, గ్లవ్ నేలకి ఆనించి, బంతి దగ్గరికి నేనే నడవడం, అవన్నీ లోపల ఎక్కడో అలాగే ఉన్నాయి. విసరడం మాత్రం లేదు. స్కూల్లో నేను షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, మూడో బేస్ వైపు వచ్చిన బంతిని అందుకుని మైదానం అడ్డంగా ఫస్ట్ బేస్‌కి కొట్టేవాణ్ణి. సెలక్షన్‌లో అదే చోట నిలబడి అలాగే విసిరితే బంతి రెండుసార్లు నేలకి తగిలి దొర్లుకుంటూ వెళ్ళింది. మూడో త్రోకి జబ్బ పట్టేసింది. మర్నాడు చొక్కా తొడుక్కోవడానికి కుడిచెయ్యి పైకి లేవలేదు.

తర్వాతి ఆరు వారాలూ ఆ చేతికే ఇచ్చాను. జబ్బలో నాలుగు చిన్న కండరాల గుంపు ఉంటుంది, రొటేటర్ కఫ్ అంటారు. విసిరేటప్పుడు చెయ్యి ముందుకి దూసుకెళ్తే దాన్ని పట్టి ఆపేవి ముఖ్యంగా అవే. వాటిని వదిలేసి ఉట్టి బలంతో విసిరితే ఏమవుతుందో నాకు ఒక్కరోజులో తెలిసొచ్చింది. రబ్బర్ బ్యాండ్ తలుపు గడియకి కట్టి రోజూ పొద్దున, సాయంత్రం లాగాను. 30 అడుగుల దూరంతో మొదలుపెట్టి వారానికి పది, పదిహేను అడుగులు పెంచుకుంటూ 120 దాకా వచ్చాను. నొప్పి మొదలైన రోజు ఆపేశాను, మొండికేసి ఇంకో పది విసరలేదు. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. బ్యాటూ గ్లవ్వూ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు జబ్బ సంగతి చూసుకోండి.

అయినా పాత త్రో రాలేదు. మా మేనేజర్ నన్ను సెకండ్ బేస్‌కి మార్చారు. అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కి త్రో చిన్నది. మొదట మనసుకి కష్టంగా అనిపించింది, షార్ట్‌స్టాప్ నా చోటు అనుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆ కష్టం పోయింది, ఎందుకంటే సెకండ్ బేస్‌లో డబుల్ ప్లే తిప్పడం, అంటే ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చెయ్యడం ఉంది. షార్ట్‌స్టాప్ అందుకున్న బంతి నాకు పంపుతాడు, నేను బేస్ మీద ఎడమ కాలు ఆనించి అందుకుని, రన్నర్ మీదకి వచ్చేలోపు పక్కకి తప్పుకుంటూ ఫస్ట్‌కి విసరాలి. బంతి గ్లవ్‌లో ఆగకూడదు. గ్లవ్‌ని తలుపులా తెరిచి ఉంచితే బంతి దానికి తగిలి కుడిచేతిలోకి వచ్చేస్తుంది. ఇది చిన్నప్పుడు నాకు తెలియనే తెలియదు. ఈ వయసులో ఒక కొత్త విద్య చేతికి రావడం ఎంత సంతోషమో మాటల్లో పెట్టలేను.

ఇక బ్యాటింగ్.

స్కూల్లో అల్యూమినియం బ్యాట్లు. మా లీగ్‌లో చెక్క బ్యాట్లే. లోహపు బ్యాట్‌తో కొంచెం అటూ ఇటూ తగిలినా బంతి ఎగిరి ఎక్కడో పడేది. చెక్క అలా క్షమించదు. బ్యాట్ కొన నుంచి అయిదారు అంగుళాల కింద ఒక చిన్న జాగా ఉంటుంది, అక్కడ తగిలితే చేతులకి ఏమీ తెలియదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పిడి దగ్గర తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు రెండు చేతులూ మోచేతుల దాకా జివ్వుమంటాయి. చలి ఉన్న పొద్దున అయితే ఆ తిమ్మిరి ఇన్నింగ్స్ అంతా పోదు.

అది కూడా అలవాటు చేసుకోవచ్చు. అలవాటు కానిది భయం. మొదటి మ్యాచ్‌లో మొదటిసారి బ్యాటర్ నిలబడే బాక్స్‌లోకి దిగాను. పిచర్ చెయ్యి లేచింది. నా ఎడమ కాలు మూడో బేస్ వైపు జరిగింది. ఇరవయ్యేడేళ్ళ తర్వాత, పిల్లల తండ్రినై, తల నెరిసిపోయాక, అదే కాలు, అదే వైపు. మూడు బంతులకి అవుటై, టీమ్ కూర్చునే డగౌట్‌లో కూర్చుంటే గుండె దడ ఇన్నింగ్స్ పూర్తయ్యేదాకా తగ్గలేదు.

ముఖ్యంగా కర్వ్‌బాల్. కుడిచేతి పిచర్ కుడిచేతి బ్యాటర్‌కి వేసే కర్వ్ సరిగ్గా మీ ఎడమ భుజం వైపు బయల్దేరుతుంది. పిచర్ బంతికి ముందుకి దొర్లే తిప్పుడు ఇస్తాడు, దాంతో గాలి దాన్ని కిందికి నొక్కుతుంది, మామూలుగా పడాల్సిన దానికంటే ఎక్కువ దిగుతుంది, పక్కకి కూడా జారి ప్లేట్ మీదకి వస్తుంది. కానీ సగం దారిలో అది వంగే బంతో, మీకు తగిలే బంతో చెప్పడం కష్టం. మా లీగ్‌లో వేగంగా వేసేవాళ్ళు గంటకి 70 మైళ్ళు వేస్తారు. ఆ లెక్కన చెయ్యి వదిలిన దగ్గర్నుంచి ప్లేట్ చేరడానికి అరసెకనుకి కాస్త ఎక్కువ. అమెరికాలో అగ్రస్థాయి ఆట జరిగే మేజర్ లీగ్స్‌లో 90 దాటితే 0.4 సెకన్లే. అందులో చూడటం, తేల్చుకోవడం, బ్యాట్ తిప్పడం అన్నీ అయిపోవాలి. భయపడినవాడికి తేల్చుకోవడానికి టైమ్ మిగలదు.

మొదటి నెల ఎవరికీ చెప్పలేదు. మా క్యాచర్ కనిపెట్టేశాడు. ఆయనకి యాభై దాటాయి, ఇప్పటికీ ప్లేట్ వెనక గొంతుక్కూర్చుని తొమ్మిది ఇన్నింగ్సూ ఆడతాడు. ప్రాక్టీస్ అయ్యాక పక్కకి పిలిచి, "తమ్ముడూ, నిన్ను బంతి కొట్టిందా ఎప్పుడైనా?" అన్నాడు. చెప్పాను. అప్పటిదాకా నా భార్యకి కూడా చెప్పని సంగతి అది.

"అయితే నీకు బ్యాటింగ్ తర్వాత. ముందు దెబ్బ తినడం నేర్పాలి," అన్నాడు.

నిజంగానే అది నేర్పాడు. హెల్మెట్ పెట్టుకుని, బ్యాట్ పట్టుకుని బాక్స్‌లో నిలబడమని, పది అడుగుల దూరం నుంచి టెన్నిస్ బంతులు నా మీదకే విసిరాడు. బంతి మీదకి వస్తే ఎవరైనా వెనక్కి తెరుచుకుంటారు, ఛాతీ పిచర్ వైపు తిరుగుతుంది. మోచెయ్యి, పక్కటెముకలు, మొహం అన్నీ బంతికి ఎదురుపడతాయి. అది తప్పు. ఎడమ భుజాన్ని లోపలికి, క్యాచర్ వైపుకి తిప్పాలి. గడ్డం దించి భుజంలో దాచుకోవాలి. బ్యాట్ కిందికి వదిలెయ్యాలి. అప్పుడు దెబ్బ వీపు కండకి తగులుతుంది. వందసార్లు చేయించాడు. యాభైసార్లు దాటాక నా ఒళ్ళే ముందుగా లోపలికి తిరగడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళప్పుడు మోచేతికి ఎందుకు తగిలిందో ఆ సాయంత్రం అర్థమైంది. నేను వెనక్కి తెరుచుకున్నాను, అందుకే తగిలింది. అప్పుడు ఎవరూ ఇది చెప్పలేదు, "భయపడకు" అని మాత్రం చెప్పారు. పిల్లలకి ఆట నేర్పేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మొదటి వారంలోనే ఇది నేర్పండి.

రెండోది, బ్యాట్ తిప్పకుండా నిలబడటం. మా పిచర్లు వార్మప్ చేసుకునేటప్పుడు నేను బాక్స్‌లో నిలబడేవాణ్ణి. కొట్టకూడదు. బంతి చేతిలోంచి ఊడే చోటుని, టోపీ అంచు పక్కన ఉండే ఆ చిన్న కిటికీని, చూడాలి. ప్రతి బంతికీ, కొట్టదగ్గ చోటుకి వస్తే 'స్ట్రైక్' అనో, బయటికి పోతే 'బాల్' అనో పైకి చెప్పాలి. క్యాచర్ వెనక నుంచి సరిదిద్దేవాడు. "కళ్ళు మూశావు." "ఇప్పుడు చూశావు." మూడు వారాలకి ఒక సంగతి కనిపించింది. ఫాస్ట్‌బాల్ చేతిలోంచి నేరుగా, కొంచెం కిందికి బయల్దేరుతుంది. కర్వ్ మొదట పిసరంత పైకి లేచి అప్పుడు వస్తుంది. ఆ లేవడం చూడగలిగితే చాలు, అది వంగుతుందని మీకు ముందే తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ నేను చూడకుండా మూసుకున్న కళ్ళ ముందే అది జరుగుతూ ఉంది.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు ఆట గురించి చాలా చదివాను. 1920 ఆగస్టు 16న క్లీవ్‌లాండ్ టీమ్ షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్‌కి పిచర్ కార్ల్ మేస్ వేసిన బంతి తలకి తగిలింది, ఆయన మర్నాడు చనిపోయాడు. మేజర్ లీగ్స్‌లో పిచర్ వేసిన బంతి తగిలి ప్రాణం పోయిన ఆటగాడు ఆయనొక్కడే. అప్పట్లో హెల్మెట్ లేదు, ఒకే బంతిని మట్టి పట్టి నల్లబడేదాకా వాడేవాళ్ళు, మసక వెలుతురులో కనిపించేదే కాదు. ఆ తర్వాతే మురికి బంతుల్ని మార్చడం మొదలైంది. హెల్మెట్ తప్పనిసరి అయ్యేసరికి 1971 వచ్చింది. ఇది చదివాక నా భయం ఎక్కువవుతుందనుకున్నాను. తగ్గింది. భయపడటంలో అర్థం ఉందని తెలిసింది, దానికి చెయ్యగలిగినవి ఉన్నాయనీ తెలిసింది. బాక్స్‌లోకి వెళ్ళేముందు హెల్మెట్ ఒకసారి చేత్తో తట్టుకోవడం అప్పట్నుంచే అలవాటైంది.

ఇంకో పేరు సాచెల్ పేజ్. నల్లజాతి ఆటగాళ్ళని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని కాలంలో నీగ్రో లీగ్స్‌లో వెలిగిపోయిన పిచర్. ఆయన 1965 సెప్టెంబరులో, 59 ఏళ్ళ వయసులో, కాన్సాస్ సిటీ తరఫున బోస్టన్ మీద మూడు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్టే (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇచ్చాడు, ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. మా క్యాచర్‌కి ఈ సంగతి చెబితే, "నాకింకా టైముందన్నమాట," అని రెండు రోజులు అదే తలుచుకున్నాడు.

మొదటి సీజన్ సగంలో తొడ వెనక కండరం పట్టేసింది. ఫస్ట్ బేస్‌కి పరిగెత్తుతుంటే ఎవరో వెనక నుంచి రాయితో కొట్టినట్టయింది. నాలుగు వారాలు ఆట లేదు. మానేసి ఇంట్లో కూర్చుంటే మళ్ళీ పూర్తిగా దూరమైపోతానని భయమేసి, ప్రతి ఆదివారం వెళ్ళి డగౌట్‌లో స్కోర్‌బుక్ రాశాను. అది నాకు దొరికిన పెద్ద లాభం. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, ఔట్‌ఫీల్డ్ ఎడమ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ అందుకుని సెకండ్‌కి, అక్కణ్ణించి ఫస్ట్‌కి వెళ్తే 6-4-3 అని రాస్తే చాలు, పదేళ్ళ తర్వాత చదివినవాడికి కూడా ఆ డబుల్ ప్లే కళ్ళకి కడుతుంది. మూడు స్ట్రైకులకి అవుటైతే స్ట్రైకవుట్, దానికి ఇంగ్లిష్ అక్షరం 'కే'. బ్యాట్ తిప్పకుండా చూస్తూ అవుటైతే ఆ 'కే'ని తిరగేసి రాస్తారు. ఈ పద్ధతిని పెంచి పోషించిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, క్రికెట్ రిపోర్టర్‌గా మొదలైన మనిషి. క్రికెట్ స్కోర్‌కార్డ్ చూస్తూ పెరిగిన మనకి బేస్‌బాల్ బాక్స్ స్కోర్, అంటే మ్యాచ్ అంకెల పట్టిక, అంత పరాయిగా అనిపించకపోవడానికి అదొక కారణం కావచ్చు.

స్కోర్ రాసేవాడు ప్రతి బంతినీ చూడాలి. ఆడేటప్పుడు నేను ఎప్పుడూ నా వంతు గురించే టెన్షన్ పడేవాణ్ణి. రాయడం మొదలుపెట్టాక మిగతా ఎనిమిదిమంది ఏం చేస్తున్నారో కనిపించింది. ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద రన్నర్లుండి, రెండు అవుట్లు కాకముందు బేస్‌ల దగ్గరి ఇన్‌ఫీల్డ్‌లో తేలిక క్యాచ్ లేస్తే ఫీల్డర్ పట్టకముందే అంపైర్ బ్యాటర్‌ని అవుట్ ఇచ్చేస్తాడు, ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ అది. ఫీల్డర్ కావాలని వదిలేసి డబుల్ ప్లే చెయ్యకుండా. చిన్నప్పుడు ఆ రూల్ బట్టీ పట్టాను, ఎందుకో మాత్రం డగౌట్‌లో పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాకే తెలిసింది. మావాళ్ళ పేజీలన్నీ తిరగేస్తే ఇంకోటి కూడా కనిపించింది. అందరూ ఎక్కువసార్లు అవుటయ్యేవాళ్ళే. పదిసార్లు వెళ్ళి మూడుసార్లు హిట్ కొట్టేవాడు ఈ ఆటలో మొనగాడు. 1941లో బ్యాటర్ టెడ్ విలియమ్స్ సగటు .406, అంటే వెయ్యిసార్లకి 406 హిట్ల లెక్క. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక సీజన్‌కి .400 ఎవరూ అందుకోలేదు. నా మొదటి సీజన్ సగటు .158. ఆ అంకెని నేను దాచుకోవడం లేదు. 38 సార్లు నిలబడితే 6 హిట్లు. నా లెక్కలో ముఖ్యమైనవి ఆ 38.

రెండో సీజన్ నాలుగో మ్యాచ్. అవతలి పిచర్ మా లీగ్‌కి కొత్త, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. పెద్ద కర్వ్ వేస్తాడు. రెండో ఇన్నింగ్స్‌లో నా వంతు వచ్చింది. మొదటిది ఫాస్ట్‌బాల్, స్ట్రైక్. రెండోది చేతిలోంచి పిసరంత లేచింది. కర్వ్ అని తెలిసింది, నిలబడ్డాను. అది వంగలేదు. వేళ్ళ మీద నుంచి జారిపోయినట్టుంది, ఎడమ భుజానికే వస్తోంది.

ఆ కొంచెం సేపట్లో నేనేమీ ఆలోచించలేదు. భుజం లోపలికి తిరిగింది, గడ్డం దిగింది, బ్యాట్ జారిపోయింది. వీపు మీద, ఎడమ రెక్క ఎముక కింద, చెంప మీద కొట్టినట్టు చప్పుడైంది. తర్వాత మంట. అంపైర్ ఫస్ట్ బేస్ వైపు చెయ్యి చూపించాడు, బంతి తగిలిన బ్యాటర్‌కి ఆ బేస్ ఇచ్చేస్తారు. మా డగౌట్‌లో అందరూ లేచి నిలబడ్డారు. మా క్యాచర్ గొంతు ఒక్కటే వినిపించింది: "శభాష్ తమ్ముడూ! అలాగే!" బంతి తగిలినందుకు శభాష్ అనడం బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. ఆ 90 అడుగులూ నడుచుకుంటూ వెళ్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు.

అసలు పరీక్ష అయిదో ఇన్నింగ్స్‌లో వచ్చింది. మళ్ళీ అదే పిచర్. వీపు ఇంకా సలుపుతోంది. ఒక బాల్, రెండు స్ట్రైకులు. ఎడమ కాలికి చెప్పుకున్నాను, పిచర్ వైపుకే అడుగు వెయ్యమని. చెయ్యి లేచింది. టోపీ పక్కన బంతి కనిపించింది, కొంచెం లేచింది, భుజం వైపు బయల్దేరింది. కాలు జరగలేదు. బంతి వస్తూ వస్తూ కిందికి జారడం మొదలుపెట్టింది, ఎర్రటి కుట్లు బొంగరంలా తిరుగుతున్నాయి, ప్లేట్ బయటి అంచు వైపుకి దిగుతోంది. అక్కడిదాకా ఆగి తిప్పాను. చేతులకి ఏమీ తెలియలేదు. టక్ మని చప్పుడు. బంతి ఫస్ట్ బేస్‌కీ సెకండ్ బేస్‌కీ మధ్యలోంచి దొర్లి రైట్ ఫీల్డ్‌లోకి వెళ్ళింది. సింగిలే. బేస్ మీద నిలబడి, బాక్స్‌లో నా కాలి గుర్తు ఎక్కడుందో ఇక్కణ్ణించి కనిపించదని తెలిసినా, అటే చూశాను.

ఆ మ్యాచ్ ఓడిపోయాం, 7-4. సామాన్లు సర్దుకుంటుంటే ఆ పిచర్ వచ్చాడు. "అన్నా, సారీ. కావాలని వెయ్యలేదు. ఎలా ఉంది వీపు?" అన్నాడు. చొక్కా ఎత్తి చూపించాను. కందిపోయిన గుండ్రటి మచ్చలో కుట్ల అచ్చు కూడా పడింది. ఆయన మొహం చిన్నబోయింది. ఏం ఫర్వాలేదని, ఒక్క సాయం చెయ్యమని అడిగాను. ఆ కర్వ్ ఎలా పడతారో చూపించమన్నాను.

సంచిలోంచి బంతి తీసి నా చేతిలో పెట్టాడు. మధ్యవేలిని పొడుగాటి కుట్టు వెంబడి ఆనించి నొక్కమన్నాడు. చూపుడువేలు పక్కనే ఊరికే ఉంటే చాలు, అది పని చెయ్యకూడదు. బొటనవేలు కింద అవతలి కుట్టు మీద. మణికట్టు తిప్పాలని చూడొద్దని, మధ్యవేలితో బంతిని ముందుకి, కిందికి లాగేస్తే చాలని చెప్పాడు. వేలి కింద ఆ దారం ఉబ్బు గట్టిగా తగిలింది.

ఆయన గ్లవ్ తొడుక్కుని 40 అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "మెల్లగా వెయ్యన్నా," అన్నాడు.

మొదటిది నేరుగా వెళ్ళింది. రెండోది నేలకి తగిలింది. మూడోది వంగింది.